మబ్బు పడితే కళ్లు విప్పే బాబు

కోస్తా జిల్లాలోని ఒక చిన్న పట్టణం నుంచి ఒక తల్లి పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయట పెట్టవద్దన్నారు. అందులోని విషయం ఇది.

ఆమెకు ముప్పై ఏళ్లు. మేనమామ కొడుకునే పెళ్లి చేసుకున్నారు. ఒక్కడే కొడుకు, ఏడేళ్లవాడు, రెండో తరగతి. మూడో నెలలోనే బాబు కనుగుడ్లు అటూ ఇటూ అదురుతున్నాయని ఆమె కనిపెట్టారు. పెరిగేకొద్దీ నిలుస్తాయన్నారు పెద్దవాళ్లు. కొంత నిలిచాయి కూడా. కానీ ఎండలోకి వస్తే వాడు కళ్లు తెరవడు. గుమ్మం దాటగానే తల వంచేసి, అమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంటాడు. మబ్బు పట్టినా, పొద్దు వాలినా వీధంతా వాడిదే. రాత్రి కరెంటు పోయి ఇంట్లో అందరూ గోడలు తడుముకుంటుంటే, లేచి వెళ్లి అలమరలోంచి కొవ్వొత్తీ అగ్గిపెట్టే తెచ్చేది వాడే. బోర్డు మీది అక్షరాలు కనిపించవు. పుస్తకం ముక్కుకు ఆనించుకుని చదువుతాడు, చదివింది మాత్రం మరిచిపోడు. కళ్లజోళ్లు మార్చి చూశారు, తేడా రాలేదు.

బడిలో అమ్మ బొమ్మ గీయమంటే నుదుట నల్ల బొట్టు పెట్టాడు. టీచరు అడిగితే ఎర్రదే పెట్టానన్నాడు. ఆ కాగితం ఇంటికి వచ్చిన రోజు నాయనమ్మ అపశకునమని ఏడ్చి దిష్టి తీశారు.

రెండు నెలల కిందట నగరంలోని ఒక కంటి ఆసుపత్రిలో చీకటి గదిలో కూర్చోబెట్టి, కళ్ల దగ్గర తీగలు తగిలించి, మెరుపులు మెరిపించి పరీక్ష చేశారు. ‘అక్రోమటాప్సియా’ అని రాసిచ్చారు. పుట్టుకతో వచ్చింది, మందు లేదు, మేనరికమా అని అడిగారు, ఏడాది తర్వాత రమ్మన్నారు. అంతకుమించి ఎవరూ ఏమీ వివరించలేదు. “చీకట్లో అంత బాగా తిరిగేవాడికి చూపు లేదంటే నేను నమ్మను, బడి ఎగ్గొట్టడానికి వేషాలు” అంటున్నారు మామగారు. అత్తగారు వారానికోసారి ఏదో ఆకు పసరు కళ్లలో పిండుతున్నారు. భర్త ఏమీ మాట్లాడరు. బడివాళ్లు అంధుల పాఠశాలలో చేర్పించమంటున్నారు. అమెరికాలో ఉన్న బంధువు అక్కడ దీనికి ఇంజెక్షన్ ఉందంటున్నాడు. ఇంకో బిడ్డను కనమని ఇంట్లో ఒత్తిడి. ఇవన్నీ చాలనట్టు ఆమె చెల్లెలిని ఆమె మరిదికి ఇవ్వాలని మాటలు నడుస్తున్నాయి. “చెబితే సంబంధం చెడుతుంది, మా అమ్మకు పుట్టిల్లు దూరమవుతుంది. చెప్పకపోతే చెల్లెలికి నేనే అన్యాయం చేసినదాన్నవుతాను. ఏం చేయమంటారు?” అని ముగించారు.

సమాధానం

అమ్మా, మిగతావన్నీ తర్వాత. ఆ పసరు ఈ రోజే ఆపించండి. కంట్లో పిండే ఆకు పసర్ల వల్ల నల్లగుడ్డు మీద పుండు పడి, ఉన్న చూపు పోగొట్టుకున్నవాళ్లు మన పల్లెల్లో చాలామంది ఉన్నారు. మీ బాబుకు ఉన్న చూపు తక్కువే కావచ్చు, అది వాడి ఆస్తి. అత్తగారితో గొడవ పడనక్కరలేదు. పెద్దాసుపత్రి డాక్టరు వద్దన్నారని చెప్పండి, నింద ఆయన మీద వేయండి. డాక్టర్లకు అది అలవాటే.

ఇప్పుడు మీ ఉత్తరం. మీరు వేర్వేరు బాధలుగా రాసినవన్నీ నిజానికి ఒకే బాధ. ఎండలో కళ్లు మూయడం, కనుగుడ్లు అదరడం, బోర్డు కనిపించకపోవడం, నల్ల బొట్టు, కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి తేవడం, అన్నీ ఒక్క చోటి నుంచే వచ్చాయి.

కంటి వెనక రెటీనా పొరలో వెలుతురును పట్టే కణాలు రెండు రకాలు. దండ కణాలు సుమారు 12 కోట్లు. మసక వెలుతురులో పనిచేసేవి ఇవే, వీటికి రంగులు తెలియవు. శంకు కణాలు 60, 70 లక్షలు. పగటి చూపు, రంగులు, సన్నని అక్షరాలు పోల్చుకోవడం వీటి పని. మీ బాబుకు శంకు కణాలు పుట్టుక నుంచీ పనిచేయడం లేదు, అక్రోమటాప్సియా అంటే ఇదే. పగలూ రాత్రీ దండ కణాలతోనే నెట్టుకొస్తున్నాడు. ఎక్కువ వెలుతురు పడితే దండ కణాలు నిండిపోయి చేతులెత్తేస్తాయి. రాత్రి రోడ్డు మీద ఎదురుగా వచ్చే లారీ హెడ్‌లైట్లు ముఖాన పడినప్పుడు మీకెలా ఉంటుందో, మిట్టమధ్యాహ్నం వాడికి అలా ఉంటుంది. లారీ దాటిపోతుంది, ఎండ దాటిపోదు. కొంగు లాక్కోవడం మారాం కాదు.

రెటీనా నడిమధ్యలో, మనం దేన్నయినా తేరిపార చూసే ఆ చిన్న చుక్కలో, ఉండేవన్నీ శంకు కణాలే. వాడికి ఆ చుక్క పనిచేయదు. చూపు ఎక్కడ నిలపాలో తెలియక పసితనంలో కనుగుడ్లు అదిరాయి. వయసుతో ఆ అదురు తగ్గడం కూడా ఈ జబ్బు తీరే, అంతమాత్రాన చూపు బాగుపడిందని కాదు. ఈ పిల్లల చూపు సాధారణంగా 6/60 దగ్గర ఉంటుంది. మనకు 60 మీటర్ల నుంచి కనిపించే అక్షరం వాళ్లకు 6 మీటర్ల దగ్గరికి వస్తేనే కనిపిస్తుంది. కళ్లజోడు కంటి పవరును సరిచేస్తుందే తప్ప పనిచేయని కణాలను పనిచేయించలేదు. అందుకే ఎన్ని మార్చినా తేడా రాలేదు. పవరు ఉంటే జోడు వాడాలి, దాని నుంచి ఆశించేది మాత్రం తగ్గించుకోవాలి. పుస్తకం ముక్కుకు ఆనించుకుంటే కళ్లు పాడవుతాయని ఎవరైనా అంటే వినకండి. అక్షరాన్ని పెద్దది చేసుకోవడానికి వాడు కనిపెట్టుకున్న ఉపాయం అది.

ఇక ఆ నల్ల బొట్టు. దండ కణాలకు ఎరుపు దాదాపుగా అందదు, ముదురు ఎరుపు వాళ్లకు నలుపులాగే ఉంటుంది. వాడికి మీ నుదుటి కుంకుమ పుట్టినప్పటి నుంచీ నల్లగానే కనిపిస్తోంది. ఎరుపు అనే మాట నేర్చుకున్నాడు, రంగును కాదు. క్రేయాన్ల మీద చుట్టిన కాగితం ఊడిపోతే ఏది ఏదో తెలియక నల్లదాన్నే ఎర్రదనుకుని వేసి ఉంటాడు. చూసింది చూసినట్టే గీశాడు పిల్లవాడు, అందులో అపశకునం ఎక్కడుంది? టీచరు ఎర్ర సిరాతో దిద్దిన తప్పులు కూడా వాడికి మామూలు రాతలో కలిసిపోతాయి. ఇది ఆమెకు తప్పకుండా చెప్పండి.

మామగారి మాటకు వస్తే, ఆయన సాక్ష్యం తప్పు కాదు, తీర్పే తప్పు. “చీకట్లో బాగా తిరుగుతాడు” అన్నది చూపు ఉందనడానికి కాదు, ఏ జబ్బో చెప్పడానికి రుజువు. రేచీకటి మనందరికీ తెలుసు, ఇది దానికి తిరగేసిన జబ్బు. చీకటి గదిలో చేసిన ఈఆర్‌జీ పరీక్ష (వెలుతురుకు రెటీనా ఇచ్చే విద్యుత్ జవాబును కొలిచేది) చెప్పింది కూడా ఇదే: దండ కణాలు జవాబిచ్చాయి, శంకు కణాలు ఇవ్వలేదు. ఆ రెండు గీతలూ రిపోర్టులో ఉంటాయి, ఆయనకు చూపించండి. దానికీ లొంగకపోతే, ఫోనులో రంగులన్నీ తీసేసే అమరిక ఒకటి ఉంటుంది. అది పెట్టి ఒక పూట ఆయన్ను టీవీ వార్తలో క్రికెట్టో చూడమనండి. మనవడి లోకం సుమారుగా అలా ఉంటుందని, అందులోనూ ఎరుపు ఇంకా నల్లబడుతుందని చెప్పండి. కసురుకుంటారు, కానీ కాసేపు చూస్తారు.

మీరు అడగడానికి భయపడి అడగని ప్రశ్న ఒకటి ఉత్తరంలో దాగి ఉంది: వీడు గుడ్డివాడవుతాడా? ఈ జబ్బు సాధారణంగా పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. కొందరిలో రెటీనా స్కానులో నెమ్మదిగా వచ్చే మార్పులు కనిపిస్తాయి కాబట్టి ఏడాదికోసారి చూపించడం మానకండి. కానీ పూర్తిగా చీకటి అయిపోయే జబ్బు కాదిది. ప్రపంచంలో సుమారు 30 వేల మందిలో ఒకరికి వస్తుంది. పసిఫిక్ సముద్రంలో పింగెలాప్ అనే చిన్న దీవి ఉంది. 1775 ప్రాంతంలో వచ్చిన పెనుతుపానుకు అక్కడ ఇరవై మందికి అటూ ఇటూగా మిగిలారు, తర్వాతి తరాలన్నీ వాళ్లలో వాళ్లు చేసుకున్న పెళ్లిళ్లవే. ఇవాళ ఆ దీవివాళ్లలో నూటికి నాలుగు నుంచి పది మందికి మీ బాబు చూపే. రాత్రిపూట చేపల వేటలో వాళ్లకు మంచి పేరు. నార్వేలో క్నూట్ నోర్డ్‌బీ అనే ఆయన ఈ లోపంతోనే పుట్టి, మనిషి చూపు మీదే పరిశోధన చేసే శాస్త్రవేత్త అయ్యాడు.

అమెరికా బంధువు చెప్పిన ఇంజెక్షన్ బహుశా లక్స్‌టర్నా. 2017లో అక్కడ అనుమతి వచ్చిన మాట నిజమే, రెండు కళ్లకూ కలిపి అప్పట్లో ప్రకటించిన ధర ఎనిమిదిన్నర లక్షల డాలర్లు. కానీ అది ఆర్‌పీఈ65 అనే వేరే జన్యువు దెబ్బతిన్నవాళ్లకు, వేరే రెటీనా జబ్బుకు. అక్రోమటాప్సియాకు జర్మనీ, బ్రిటన్, అమెరికా దేశాల్లో జన్యు చికిత్స ప్రయోగాలు జరిగాయి. జర్మనీలో తొమ్మిది మంది మీద చేసిన ప్రయోగం ఫలితాలు 2020లో వచ్చాయి. పెద్ద హాని జరగలేదు, మెరుగుదల ఉన్నా కొద్దిగానే. అనుమతి పొందిన చికిత్స ఏదీ ఇంకా లేదు. రేపు రావచ్చు. ఈ లోగా ఎవరైనా మూలకణాలతో బాగుచేస్తామని డబ్బు అడిగితే మాత్రం లేచి వచ్చేయండి.

ఇప్పుడున్న సాయం చిన్నదిగా కనిపిస్తుంది, పనిచేస్తుంది. ముదురు ఎరుపు లేదా గోధుమ రంగు అద్దాలు దండ కణాలను ఎక్కువగా బాధించే వెలుతురును వడకట్టేస్తాయి. పక్కల నుంచి కూడా వెలుతురు దూరకుండా చుట్టూ మూసి ఉండాలి, పైన అంచున్న టోపీ. బజారులో దొరికే నల్ల జోడు దీనికి బదులు కాదు. ఆరుబయటికి ఒక ముదురు జోడు, తరగతి గదికి కొంచెం పలచనిది కావలసి రావచ్చు. వీటిని పిల్లవాడికే తొడిగి, వాడినే నడిపించి ఎంచాలి. హైదరాబాదులోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనూ, విశాఖ, విజయవాడ శాఖల్లోనూ తక్కువ చూపు ఉన్నవాళ్లకు సాయపడే విభాగాలు ఉన్నాయి. జబ్బు పేరు చెప్పే డాక్టరు వేరు, దానితో బతకడం నేర్పే మనిషి వేరు. మీకు ఇంతవరకు మొదటివారే దొరికారు.

బడి సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి. అంధుల పాఠశాలలో వేస్తే అక్కడ ప్రత్యేక శిక్షణ ఉన్న టీచర్లు ఉంటారు, ఎవరూ వెక్కిరించరు. కానీ చాలాచోట్ల హాస్టలులో ఉంచాలి, ముక్కుకు ఆనించుకునైనా అచ్చు చదివే పిల్లవాడు బ్రెయిలీ మీద ఆధారపడవలసి వస్తుంది. ఇదే బడిలో ఉంచితే స్నేహితులు, ఇల్లు నిలుస్తాయి, టీచర్లతో పోరు మీకు మిగులుతుంది. ఇంకో మామూలు బడికి మారిస్తే ఆ పోరు మొదటి నుంచి మొదలుపెట్టాలి, అయితే అక్కడ వాడికి మొద్దు అన్న పాత ముద్ర ఉండదు. నా మొగ్గు ఇదే బడి వైపు, ఒక ఏడాది గడువుతో. అడగవలసినవి పెద్దవి కావు. అందరూ చేసే పొరపాటు, చూపు తక్కువని పిల్లవాడిని ముందు బెంచీలో కిటికీ పక్కన కూర్చోబెట్టడం. ముందు బెంచీ సరే, వీపు కిటికీ వైపు ఉండాలి. బోర్డు మీద రాసింది కాగితం మీద కావాలి. పటాల్లో రంగుల బదులు గీతలు, చుక్కలు. ఎండలో డ్రిల్లు వద్దు, సాయంత్రం ఆట కావాలి. క్రేయాన్ల మీద మీరే పేర్లు రాసి టేపు అంటించండి.

వీటికి బడివాళ్లు ఊరికే ఒప్పుకోరు, కాగితం అడుగుతారు. ఆ కాగితం సదరం ధ్రువపత్రం, వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు కొలిచి ఇచ్చే సర్కారు పత్రం. మీ ఇంట్లో ఆ మాట ఎత్తితే ‘వికలాంగుడన్న ముద్ర’ అంటారని ఊహించగలను. ముద్ర ఇప్పటికే పడింది, మొద్దు అని, వేషాలని. అంతకన్నా ఇది నయం కాదా? దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం రెండిట్లో మెరుగైన కంటితో, జోడు పెట్టుకున్నా 6/18 కన్నా తక్కువ చూపు ఉంటే అది ‘తక్కువ చూపు’. రెండు కళ్లూ 6/60 దగ్గర ఉన్నవాళ్లకు సాధారణంగా 40 శాతం వైకల్యమని వస్తుంది, చాలా సదుపాయాలు మొదలయ్యే గీత అదే. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా దగ్గరి బడిలోనో, కోరుకున్న ప్రత్యేక బడిలోనో ఉచిత చదువు హక్కు. బడివాళ్లు ‘ఇక్కడ కుదరదు’ అని పంపేయడానికి లేదు. పరీక్షల్లో తమ బదులు రాసిపెట్టే లేఖకుడికి అర్హులైనవాళ్లకు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని కేంద్రం 2018లోనే చెప్పింది. కాగితం తీసుకుని బీరువాలో పెట్టుకోవచ్చు, కావలసిన రోజు బయటికి తీయవచ్చు. లేకపోతే ఆ వీలు కూడా ఉండదు.

ఇక మీ ఉత్తరంలో అన్నిటికన్నా బరువైనది, చెల్లెలి పెళ్లి. దీని మీద ఎక్కువ మాట్లాడాలి.

మేనరికం ఈ జబ్బును పుట్టించదు. ఎక్కడో తాతముత్తాతల్లో చెడిన ఒక జన్యువు కుటుంబంలో నిశ్శబ్దంగా నడుస్తూ ఉంటుంది. ఇలాంటి జన్యువు మనలో జంటగా ఉంటుంది. జంటలో ఒక్కటే చెడితే ఏమీ కాదు, అలాంటివాళ్లు వాహకులు, వాళ్ల చూపు బాగానే ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ చెడినవి చేరినప్పుడే జబ్బు. ఒకే తాత మనవలు పెళ్లాడినప్పుడు ఆ రెండూ కలిసే అవకాశం పెరుగుతుంది. అంతే. తప్పు మీదీ కాదు, మీ ఆయనదీ కాదు, పెళ్లి కుదిర్చిన పెద్దలదీ కాదు.

లెక్క ఇలా ఉంటుంది. మీరిద్దరూ వాహకులైతే మీకు పుట్టబోయే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మొదటివాడికి వచ్చింది కాబట్టి రెండోసారి రాదన్న హామీ లేదు, వస్తుందన్న శాపమూ లేదు. మీ చెల్లెలు వాహకురాలయ్యే అవకాశం సగం, మీ మరిదికీ సగం. ఇద్దరూ వాహకులయ్యే అవకాశం నాలుగో వంతు, అప్పుడు పుట్టే బిడ్డకు వచ్చేది అందులో నాలుగో వంతు. అంటే పదహారింట ఒకటి. ఈ అంకె చూసి పెళ్లి ఆపేవాళ్లూ ఉంటారు, పదిహేను వంతులు మనవే కదా అని చేసుకునేవాళ్లూ ఉంటారు. రెండూ అర్థం చేసుకోదగ్గవే.

అయితే ఈ లెక్క మొత్తం తలకిందులయ్యే వీలు ఒకటి ఉంది. అక్రోమటాప్సియాను అచ్చంగా పోలిన ఇంకో జబ్బు ఉంది, బ్లూ కోన్ మోనోక్రోమసీ. ఎండ బాధ, అదిరే కళ్లు, తక్కువ చూపు, రంగులు తెలియకపోవడం అన్నీ అవే. మామూలు ఈఆర్‌జీలో రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. కానీ అది ఎక్స్ క్రోమోజోము మీద తల్లి వైపు నుంచి దిగుతుంది, దాదాపుగా మగపిల్లలకే వస్తుంది. దానికీ మేనరికానికీ సంబంధం లేదు. మీ బాబుది అదే అయితే, మీ చెల్లెలు బయటి సంబంధం చేసుకున్నా ఆమె కొడుకులకు ప్రమాదం ఉండవచ్చు. మరిదితో సంబంధం తెంచుకున్నా దక్కేదేమీ ఉండదు. అంటే జబ్బు ఏ జన్యువుదో తేలకుండా కుటుంబంలో పంచాయతీ పెడితే, కాని కారణానికి ఒక పెళ్లి చెడిపోవచ్చు.

కాబట్టి ముందు బాబుకు, మీ ఇద్దరికీ జన్యు పరీక్ష. కొంచెం రక్తం ఇస్తే చాలు, ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది. అక్రోమటాప్సియాకు కారణమయ్యే జన్యువులు ఆరు తెలిశాయి. వాటిలో సీఎన్‌జీబీ3, సీఎన్‌జీఏ3 ముఖ్యమైనవి. లోపం ఎక్కడుందో దొరికితే, చెల్లెలికీ మరిదికీ ఆ ఒక్క చోటు వెతికితే సరిపోతుంది. ఇద్దరిలో ఒక్కరు వాహకులు కాకపోయినా పిల్లలకు ఈ జబ్బు భయం పోయినట్టే, పెళ్లి నిశ్చింతగా చేసుకోవచ్చు. కొన్నిసార్లు పరీక్షలో ఏమీ దొరకదు, దానికీ సిద్ధపడి ఉండండి. అప్పుడు పదహారింట ఒకటి అన్న అంచనాతోనే నిర్ణయించుకోవాలి.

మరి ఎప్పుడు చెప్పాలి, ఎవరికి? పెళ్లయ్యేదాకా దాచవచ్చు. ఏమీ జరగకపోతే ఎవరికీ తెలియదు. జరిగితే మీ చెల్లెలు అడిగే మొదటి ప్రశ్న “అక్కా, నీకు ముందే తెలుసా?” అన్నది. పెద్దలందరి ముందు చెప్పవచ్చు. మీ మామగారి స్వభావం మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, అది బాబు జబ్బు సంగతి వదిలేసి మీ అమ్మ పుట్టింటి పరువు సంగతిగా మారుతుంది. లేదా ముందు మీ ఆయనతో, తర్వాత ఆ ఇద్దరితోనే విడిగా మాట్లాడవచ్చు. కాపురం చేసేది వాళ్లు. “రిపోర్టు వచ్చేదాకా ముహూర్తాలు పెట్టుకోకండి, ఆ తర్వాత మీ ఇష్టం” అంటే చాలు. ముహూర్తం వాయిదా పడిందని ఏ ఇంటి పుట్టినిల్లూ మూసుకుపోదు. నాకు మూడోదే మేలనిపిస్తుంది, కానీ ఆ ఇంటి గాలి తెలిసినవారు మీరు.

మీ ఆయన మౌనాన్ని నిర్లక్ష్యం అనుకోకండి. ‘మేనరికమా?’ అన్న ప్రశ్న ఆసుపత్రిలో ఆయన కూడా విన్నారు. పక్కన కూర్చోబెట్టుకుని ఈ లెక్కలు చదివి వినిపించండి.

రెండో బిడ్డ సంగతి కూడా ఆ రిపోర్టు మీదే ఆధారపడి ఉంది. తెలిసి కనవచ్చు. గర్భం వచ్చాక తొలి నెలల్లో పరీక్ష చేయించుకోవచ్చు, కానీ ఫలితం ఉందని వస్తే ఏం చేస్తారో పరీక్షకు ముందే మీరిద్దరూ మాట్లాడుకోవాలి. కృత్రిమ గర్భధారణలో పిండాన్ని ముందే పరీక్షించే పద్ధతీ ఉంది, ఖర్చూ శ్రమా ఎక్కువ. లేదా ఒక్కడు చాలనుకోవచ్చు. ఇందులో అత్తగారికి ఓటు లేదు.

సదరం శిబిరానికి స్లాటు ఎలా తీసుకోవాలో మీ వార్డు సచివాలయంలో అడగండి. ఈఆర్‌జీ రిపోర్టు, డాక్టరు రాసిన చీటీ, బాబు ఆధార్, ఫొటోలు పట్టుకెళ్లండి. శిబిరం పొద్దున ఎండలో వరండా లైన్లలో నడుస్తుంది కాబట్టి టోపీ మరిచిపోకండి. చూపు కొలిచే ముందు బాబును కాసేపు నీడలో కూర్చోబెట్టమని కూడా అడగండి. ఎండలోంచి నేరుగా తీసుకెళ్లి చార్టు ముందు నిలబెడితే వాడికి చార్టే కనిపించదు, కొలత తప్పుగా వస్తుంది.